మూడొందల ఛానెళ్ల గదిలో దూరదర్శన్ లేదు

ఏలూరులో మధ్యాహ్నం రైలెక్కితే చీకటి పడేసరికి విశాఖలో దిగాం, నేనూ నాన్నా. ఆర్టీసీ కాంప్లెక్సుకి దగ్గర్లో లాడ్జి. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, లిఫ్టు పనిచేసింది. నా దృష్టిలో ఇచ్చిన డబ్బుకి న్యాయమే. నాన్న లెక్క వేరు.

"శుక్రవారం కదరా, సప్తగిరి పెట్టు" అన్నారు. దూరదర్శన్ వాళ్ల తెలుగు ఛానెల్ అది. గోడకి నా మంచమంత టీవీ ఉంది. పాస్‌వర్డ్ అడిగింది, ఓటీపీ అడిగింది, మూడొందల చిల్లర ఛానెళ్లు చూపించింది. దూరదర్శన్ మాత్రం లేదు. కింద కౌంటర్లో కుర్రాణ్ణి పిలిస్తే వచ్చి రిమోట్ నాలుగుసార్లు నొక్కి, "అది ఏ ప్యాక్‌లో వస్తుంది సార్?" అనడిగాడు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపమొస్తే ఆయన చేసే పని అదే.

ఆ రాత్రి నాకు క్లాసు పడింది. 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ఆకాశవాణి వాళ్లే టీవీ మొదలుపెట్టారట, వారానికి రెండు రోజులు, గంటసేపు. రోజూ రావడానికి 1965 దాకా ఆగాల్సొచ్చింది. బొంబాయికి 1972లో, మన హైదరాబాద్‌కి 1977లో వచ్చింది. రేడియో నుంచి విడిపోయి సొంత కాపురం పెట్టింది 1976 ఏప్రిల్ 1న. నాన్న హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉండగానే, 1983 నవంబర్ 14న, శాంతి స్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. "ఎదురుగా అక్షరాలు చూపించే మిషన్ కూడా లేదురా అప్పుడు" అంటారు, తనే చదివినట్టు. శాంతి స్వరూప్ 2024లో పోయినప్పుడు నాన్న ఆ పూట సరిగ్గా భోంచేయలేదు.

మర్నాడు ఆటోవాలాతో సిరిపురం వైపు పోనివ్వమన్నారు. "రేడియో టేసనా బాబూ?" అని అతనే అడిగాడు. 1963 నుంచి ఉన్న కేంద్రం కదా, ఊరికి అలవాటే. నాన్న దిగి గేటు ముందు రెండు నిమిషాలు నిలబడ్డారు, లోపలికి వెళ్దామని అనలేదు. మీటర్ వేయమంటే మాత్రం ఆ ఆటో అన్న నవ్వేసి ఊరుకున్నాడు. ఈ ఊళ్లో ముందే బేరం మాట్లాడుకోవడం మేలు.

కైలాసగిరికి 10కె బస్సులో వెళ్లాం. పెద్దవాళ్లు తోడుంటే రోప్‌వే ఎక్కండి, మెట్ల జోలికి పోవద్దు. పైనుంచి సముద్రం వంపు తిరిగి కనిపించే చోటు ఒక్కటి చాలు, టాయ్ ట్రైన్ పిల్లల్లేని వాళ్లకి అనవసరం. తిండి ధరలు కొండంతే ఎత్తు.

నాకు నచ్చింది కురుసుర సబ్‌మెరైన్. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో ఇసక మీద కూర్చుంది. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి, కాలు ముందు పెట్టి, తర్వాత తల దూర్చాలి. నాన్న నడుం మీద చెయ్యేసుకుని మరీ దూరారు. రేడియో గదిలో ఒక్కరికే సరిపోయే కుర్చీ, చుట్టూ మీటలూ డయల్సూ. వెనక జనం తోస్తున్నా ఆయన కదల్లేదు. గైడు నేవీలో చేసి రిటైరైన మనిషి. విసుక్కోకుండా ఏ మీట దేనికో చెప్పాడు. టికెట్ డబ్బులు అక్కడే గిట్టాయి. బయటికొచ్చి మురీ మిక్చర్ తిన్నాం, నిమ్మకాయ ఇంకాస్త పిండించుకుని.

ఆదివారం పొద్దున్న రైలుకి ముందు, లాడ్జి వెనక సందులో టీ కోసం ఆగాం. రేకుల కప్పు మీద చిన్న డిష్ గొడుగు, లోపల పాత డబ్బా టీవీ. తెరమీద ఎవరో రైతు వరినారు గురించి చెబుతున్నాడు, మూలన సప్తగిరి గుర్తు. "ఫ్రీ డిష్షండి. నెలనెలా కట్టక్కర్లేదు" అన్నాడు టీ పోస్తున్నాయన.

నాన్న బల్లని టీవీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. రైలుకి ఇంకా నలభై నిమిషాలుంది. "ఇంకో టీ చెప్పరా" అన్నారు.