పేమెంట్ సైకిల్ 7 రోజులన్నారు, మాకు మొదటి పైసలు 25వ రోజున పడ్డాయి

మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకదాని మీద బాపు, ఇంకోదాని మీద వరుసకు కాక అయ్యే ఆయన. నేసేవి జంపఖానాలే. 2018లో వరంగల్ దర్రీలకు (జంపఖానాలకే) జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అనే ముద్ర, వచ్చినప్పటి నుంచి ఆన్‌లైన్‌లో పెట్టండి, బాగా పోతాయి అని చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, పోయిన సరుకుకు పైసలు ఎప్పుడొస్తాయో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఈ రివ్యూ మొత్తం పేమెంట్ గురించే. మేము అమ్మే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్ పేరు రాయను, ఇంకా అక్కడే అమ్ముకుంటున్నాం కదా.

5కి 3 ఇస్తున్నాను. ఆ రెండు ఎందుకు కోశానంటే.

రిజిస్ట్రేషన్ పేజీలో పెద్ద అక్షరాల్లో ‘7 రోజుల్లో పేమెంట్’ అని ఉంది. నేను ఆర్డర్ వచ్చిన రోజు నుంచి 7 రోజులు అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. మా మొదటి ఆర్డర్ 2026 జనవరి 2న పుణె నుంచి వచ్చింది, మర్నాడు కొరియర్ అబ్బాయి తీసుకుపోయాడు, 9న డెలివరీ అయింది. వాళ్ల 7 రోజులు మొదలయ్యేది అదిగో అక్కడి నుంచి, కొన్నవాళ్లు వాపస్ పంపే గడువు దాటేదాకా పైసలు వాళ్ల దగ్గరే ఉంటాయి. అంటే 16. అది శుక్రవారం. పోనీ అదే రోజు పంపుతారా అంటే లేదు, మా ఖాతాకు వారానికి ఒక్కసారి, సోమవారమే పేమెంట్. అలా 19వ తేదీ. ఏ తప్పూ జరగకపోయినా 17 రోజులు పట్టే పని అన్నమాట.

ఇక జరిగిన తప్పు నాదే, దాచుకునేదేం లేదు. మా బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసినప్పుడు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ (బ్రాంచిని గుర్తించేది) మారింది, నేను బీరువాలో ఉన్న పాత చెక్కుబుక్కు చూసి కొట్టాను. 19న పంపిన పైసలు తిరిగి వాళ్ల దగ్గరికే పోయాయి. ఒక మెసేజ్ లేదు, ఫోన్ లేదు. సెల్లర్ యాప్‌లో లోపలికి, ఇంకా లోపలికి పోతే చిన్న ఎర్ర చుక్క, దాన్ని నొక్కితే ‘ఫెయిల్డ్’ అని కనిపిస్తుంది. అది నేను చూసింది 21 రాత్రి. కోడ్ మార్చాను, మారింది కూడా, కానీ పేమెంట్ మాత్రం మళ్లీ సోమవారమేనట. ఆ సోమవారం జనవరి 26. హెల్ప్‌లో అడిగితే బ్యాంకు సెలవండీ, రేపు పడతాయి అన్నారు. నెఫ్ట్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు పైసలు పంపే పద్ధతి) 2019 డిసెంబరు నుంచి సెలవు రోజుల్లో కూడా 24 గంటలూ నడుస్తుందని నేను టైప్ చేస్తుంటే అటువైపు చాట్ మూసేశారు.

మాకు ఆ వారం ఎందుకంత టెన్షన్ అంటే, 28 నుంచి మేడారం జాతర. కాక ఇంటిల్లిపాదీ పోతున్నారు, ఆయనకు రెండు వారాల కూలి బాకీ. మగ్గం పనికి కూలి శనివారం శనివారం ఇవ్వాలి, నూలుకు ముందే కట్టాలి, సోమవారం దాకా ఆగమని ఎవరికి చెప్తాం? బాపు పొద్దున లేచింది మొదలు ‘బిడ్డా, పడ్డయా?’ అని ఒకటే అడుగుడు. చివరికి 27 మధ్యాహ్నం పడ్డాయి. ఈలోపే అమ్మ చిట్టీ పైసల్లోంచి తీసి కాక చేతిలో పెట్టింది, ఆయన బెల్లం కూడా కొనుక్కొచ్చుకున్నాడు.

పడ్డది ఎంతో కూడా చెప్పాలి. జంపఖానా ధర 1,450. కమిషన్, ఫిక్స్‌డ్ ఫీజు, షిప్పింగ్ అన్నీ కలిపి 270, ఆ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ 48.60, టీసీఎస్, అంటే మన అమ్మకం మీద మార్కెట్‌ప్లేస్ వాళ్లు ముందే పట్టుకుని జీఎస్టీ కింద కట్టేది, 6.90. చేతికొచ్చింది 1,124.50. ఇందులో నాకు కళ్లు తెరిపించింది షిప్పింగ్. జంపఖానా బరువు 2 కిలోలే, కానీ వాళ్లు పెట్టె కొలతలు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. మేము వదులుగా మడిచి 45, 35, 10 పెట్టెలో పెట్టాం, లెక్కలో 3.15 కిలోలు అయింది, పై స్లాబ్ పడింది. ఇప్పుడు అమ్మ మోకాలితో అదిమి మడిచి 40, 30, 10 పెట్టెలో పెడుతోంది, 2.4కు వచ్చింది.

టీసీఎస్ మాత్రం పోయిన డబ్బు కాదు, చాలామంది వదిలేస్తున్నారు. 2024 జూలై నుంచి అది జీఎస్టీ తీసేసిన ధర మీద అర శాతం. మార్కెట్‌ప్లేస్ వాళ్లు తర్వాతి నెల 10లోపు రిటర్న్ వేస్తారు, ఆ తర్వాత మనం జీఎస్టీ పోర్టల్‌లోకి పోయి టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్ దగ్గర యాక్సెప్ట్ కొట్టాలి, అప్పుడే మన క్యాష్ లెడ్జర్‌లో (పోర్టల్‌లో మన పేరున ఉండే పైసల ఖాతా) చేరుతుంది. జీఎస్టీ లేకుండా కూడా 2023 అక్టోబరు నుంచి చిన్న అమ్మకందారులు సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు, కానీ పుణె ఆర్డర్ కావాలంటే నంబరు తీసుకోవాల్సిందే.

వాపస్ వస్తే ఇంకో కథ. ఫోటోలో కంటే రంగు ముదురుగా ఉందని ఒకరు తిప్పి పంపారు, రెండు వైపుల కొరియర్ చార్జీ తర్వాతి వారం పేమెంట్‌లోంచి చెప్పకుండానే కోసుకున్నారు. స్టేట్‌మెంట్ దింపి ఆర్డర్ నంబరు పట్టుకుని వెతికితే తప్ప తెలియదు.

మరి 3 కూడా ఎందుకిచ్చావు అంటారా? టౌన్లో దుకాణాలకు ఇన్నేళ్లు ఉద్దెర మీద వేశాం. పోయిన దసరాకు ఇచ్చిన సరుకు పైసలు ఒక సేటు దగ్గర ఇంకా సగం ఉన్నాయి, అడగబోతే చాయ్ తాగిస్తాడు. వీళ్లు చాయ్ తాగించరు గానీ కోడ్ సరిచేశాక ఒక్క సోమవారం కూడా తప్పలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బ్యాంకు వివరాలు కొత్త పాస్‌బుక్ చూసి కొట్టండి, మూడు వారాల కూలి, నూలు పైసలు చేతిలో ఉంచుకుని దిగండి, లేకపోతే ఆర్డర్లు వస్తుంటే కూడా మగ్గం ఆగుతుంది.

నిన్న సోమవారం 6,310 పడ్డాయి. అందులో ఏం కోశారో ఇంకా చూడలేదు, రాత్రికి కూర్చోవాలి.