హెచ్20టి థర్మల్ కెమెరా: మూడేళ్లు వాడిన ఆపరేటర్ మాట

డ్రోన్ కింద తగిలించే కెమెరా డీజేఐ జెన్‌మ్యూజ్ హెచ్20టి గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది డ్రోన్ ఎగరేసేవాళ్లు. నేను ఎగరేయను. దీన్ని మోసే మా డ్రోన్ మ్యాట్రిస్ 300 ఆర్‌టీకేకి రెండు రిమోట్లు కలపొచ్చు. ఒకటి పైలట్ దగ్గర ఉంటుంది, రెండోదానితో గింబల్ (కెమెరాను కదలకుండా పట్టి తిప్పే అమరిక) తిప్పుతూ కెమెరా చూసుకునేది నేను. మూడేళ్లుగా సోలార్ ప్లాంట్ల తనిఖీకి ఇదే వాడుతున్నాను.

828 గ్రాముల బరువులోనే 20 మెగాపిక్సెల్ జూమ్ కెమెరా, 12 మెగాపిక్సెల్ వైడ్ కెమెరా, వేడిని బొమ్మగా చూపే 640×512 పిక్సెళ్ల థర్మల్ కెమెరా, 1200 మీటర్ల దాకా దూరం కొలిచే లేజర్ ఉన్నాయి. జూమ్ బాగుంది. పగుళ్లు, పక్షి రెట్టలు పైనుంచే తెలిసిపోతాయి. నాకు అసలు పని థర్మల్‌తోనే.

ఇందులో ఉన్నది మైక్రోబోలోమీటర్ అనే సెన్సర్. వేడి తగిలిన పిక్సెల్ నిరోధకత మారుతుంది, ఆ మార్పే బొమ్మవుతుంది. అయితే కెమెరా కూడా వేడెక్కుతుంది కదా, అందుకే మధ్యమధ్యలో లోపలి షట్టర్ పడి, సెన్సర్ తనను సరిచేసుకుంటుంది. ఆ క్షణం బొమ్మ ఆగిపోతుంది. కొత్తవాళ్లు సిగ్నల్ పోయిందని టెన్షన్ పడతారు. ఈ రకం సెన్సర్లు చాలావరకు అంతే. నేనైతే కొత్త ప్యానెళ్ల వరుస మొదలుపెట్టే ముందు ఆ కాలిబ్రేషన్ నేనే నొక్కేస్తాను.

ఎత్తు దగ్గర మాత్రం నేను రాజీపడను. లెన్స్ 13.5 మిల్లీమీటర్లు, పిక్సెల్ 12 మైక్రాన్లు. 100 మీటర్ల ఎత్తునుంచి ఒక్క పిక్సెల్ దాదాపు 9 సెంటీమీటర్ల మేర చూస్తుంది. 15.6 సెంటీమీటర్ల సోలార్ సెల్‌కి రెండు పిక్సెళ్లు కూడా రావు. కాలుతున్న సెల్ వేడి పక్కవాటితో కలిసిపోయి తక్కువగా కనిపిస్తుంది. 30 మీటర్లకు దిగితే పిక్సెల్‌కి 2.7 సెంటీమీటర్లు, అప్పుడు కెమెరా చూపే ఉష్ణోగ్రత అంకెను నమ్మొచ్చు. "అక్కా, ఇంకో ఇరవై మీటర్లు లేపితే ఒక బ్యాటరీ మిగులుతుంది" అని మా పైలట్ ప్రతిసారీ అడుగుతాడు. నేను ప్రతిసారీ వద్దంటాను.

మొదటి నెలల్లో ఒక తెల్లటి చుక్కను హాట్‌స్పాట్ (లోపంవల్ల వేడెక్కిన చోటు) అని రాసిచ్చాను. మెయింటెనెన్స్ వాళ్లు ఎండలో ఆ ప్యానెల్ విప్పి చూశారు. ఏమీ లేదు. అది గాజు మీద సూర్యుడి ప్రతిబింబం. వాళ్ల శ్రమ వృథా చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి అనుమానం వస్తే డ్రోన్‌ని రెండు మూడు మీటర్లు జరపమంటాను. చుక్క కూడా జరిగితే ప్రతిబింబం, సెల్ మీదే నిలబడితే నిజమైన వేడి. ఈ తేడా కెమెరా చెప్పదు, తెర ముందున్న మనిషే పట్టుకోవాలి.

లేజర్ ఇంతగా పనికొస్తుందని నేను అనుకోలేదు. చుక్క మీద గురిపెడితే అక్షాంశ రేఖాంశాలు వచ్చేస్తాయి. అచ్చం ఒకేలా ఉండే వందల వరుసల్లో ఇదివరకు లెక్కపెట్టుకుంటూ నడిచేవాళ్లం. ఇప్పుడు నేలమీది జట్టు ఫోన్ మ్యాప్ పట్టుకుని ఆ వరుస దగ్గరికే వెళ్తుంది.

మీథేన్ లీకులు వెతకడానికైతే దీన్ని తీసుకోకండి. ఆ పనికి సాధారణంగా వాడే, 3.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూసే కూల్డ్ కెమెరాలు (సెన్సర్‌ని చల్లబరిచేవి) వేరే. సోలార్‌కైతే ధైర్యంగా తీసుకోండి, కానీ రెండో రిమోట్‌తో సహా. ఎగరేస్తూ ఆ తెరను చదవడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు.