తరగతిలో డిబేట్: ఏళ్ల తరబడి పెట్టిస్తున్న టీచర్ అనుభవం

గాజువాకలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. వారానికో పీరియడ్ డిబేట్‌కు ఇవ్వడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మాట్లాడే ధైర్యం వస్తుందని అందరూ అనేదే, అది నిజం కూడా. కానీ నన్నడిగితే అసలు లాభం నోటుబుక్కులో కనిపిస్తుంది. కాకపోతే ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేల్చాలి, మర్నాడు క్లాసంతా ఆ అంశం మీద రాయాలి.

2021 జనవరిలో విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక మా వైపు ఎక్కడ చూసినా అదే మాట. డిబేట్‌కు ఆ అంశమే పెట్టాను. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని వింటూ పెరిగిన పిల్లలు. వాళ్ల నాన్న ప్లాంట్‌లో పనిచేసే ఒకమ్మాయికి చీటీలో ‘అమ్మకానికి అనుకూలం’ అని వచ్చింది. “నా వల్ల కాదు మేడమ్” అంది. “నీ అభిప్రాయం మార్చుకోమనట్లేదమ్మా, అవతలివాళ్లు ఏమంటున్నారో కనుక్కుని రా” అన్నాను. వెళ్లి వాళ్ల నాన్ననే అడిగింది. నష్టాలు, అప్పులు, వడ్డీలు అన్నీ రాసుకొచ్చింది. చేతిలో కాగితం వణుకుతూనే ఉంది గానీ మాట తడబడలేదు.

మర్నాడు సొంత అభిప్రాయం రాయమన్నాను. అంతకుముందు ఆ అమ్మాయి ఏ వ్యాసమైనా “కావున అందరూ దీనిని ఖండించాలి” అని ముగించేది, ఎందుకు ఖండించాలో ఉండేది కాదు. ఈసారి “ప్లాంట్‌కు నష్టాలు వచ్చిన మాట నిజమే. కానీ దీనికి సొంత ఇనుప గనులు లేవు, ఖనిజం బయట కొనాలి. కారణం అదైతే గనులు ఇవ్వాలి గానీ అమ్మడమెందుకు?” అని రాసింది. పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదన, చెప్పాకే సిద్ధాంతం, అంటే మన నిర్ణయం, చెప్పడం మన శాస్త్రచర్చల్లో పాత పద్ధతే. దాన్ని పాఠంగా చెబితే ఎక్కదు, ఎదుటివాడి తరఫున ఒకసారి నిలబడితే ఎక్కుతుంది.

వక్తృత్వ పోటీతో ఈ పని జరగదు. అక్కడ బట్టీపట్టింది అప్పజెప్పి దిగిపోవచ్చు, ఎదురు ప్రశ్న వేసేవాళ్లుండరు.

ఇబ్బందులూ ఉన్నాయి. పెద్ద క్లాసులో గొంతున్న నలుగురే పీరియడంతా తినేస్తారు. అందుకే చిన్న చిన్న గుంపులు చేసి, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వాళ్ల వాదనలో బలహీనమైన పాయింటు ఒకటి చీటీ మీద రాయాలని పెట్టాను. నోరు విప్పని పిల్లలు ఆ చీటీ చూసి చదవడంతో మొదలుపెడతారు. గెలుపోటములు ప్రకటించడం పూర్తిగా మానేశాను. ప్రకటిస్తే పిల్లలు కారణాలు వదిలేసి చప్పట్ల కోసం మాట్లాడతారు.

ఇంగ్లీష్ మీడియం కదా అని మొదటి రోజు నుంచే ఇంగ్లీష్‌లో వాదించమనకండి. ప్రశ్న పడగానే నోరు పెగలదు, టెన్షన్‌తో కూర్చుండిపోతారు. మేము దసరా సెలవుల దాకా తెలుగులోనే నడిపిస్తాం. అప్పటికి ప్రశ్న వస్తే ఒక్క క్షణం ఆగి ఆలోచించడం అలవాటవుతుంది, ఇక వెతుక్కోవాల్సింది ఇంగ్లీష్ మాటలే.