286 పౌండ్ల వేలం తుపాకీ, పదకొండేళ్ళ తర్వాత

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ దగ్గర. ఇదంతా ఇక్కడి లైసెన్సు, ఇక్కడి వేలం పాటల సంగతే. ఇండియా లైసెన్సు గొడవల గురించి మాత్రం నన్ను అడగొద్దు, మా బాబాయి అడిగితేనే నీళ్ళు నములుతుంటాను.

తుపాకీ 12 బోర్ సైడ్ బై సైడ్, అంటే రెండు గొట్టాలు పక్కపక్కన ఉండే రకం. బాక్స్‌లాక్ (పేల్చే యంత్రం మధ్యలోని ఇనప దిమ్మ లోపలే ఉండే రకం), ఖాళీ తూటాలను బయటికి విసిరేసే ఎజెక్టర్లు లేవు, 1930ల నాటిది. పైన చెక్కిన పేరు ఎక్కడో పల్లెటూరి దుకాణందారుది. చేసింది మాత్రం బర్మింగ్‌హామ్‌లోనే. అప్పట్లో ఊళ్ళలో సామాన్ల కొట్లవాళ్ళు ఇక్కణ్ణుంచి తుపాకులు తెప్పించుకుని మీద తమ పేరు వేయించుకుని అమ్మేవాళ్ళు. 2014లో 220 పౌండ్లకు పాట నాకు ఖాయమైంది. వేలం సంస్థ కమిషన్ 25 శాతం, ఆ కమిషన్ మీద 20 శాతం వ్యాట్, అన్నీ కలిపి 286. అప్పట్నుంచి దాదాపు ప్రతి ఆదివారం క్లే పళ్ళేలు, అంటే గురి కోసం గాల్లోకి విసిరే మట్టి బిళ్ళలు, కొట్టడానికి, చలికాలంలో తెలిసిన రైతు పొలంలో పావురాలకు ఇదే వాడుతున్నా.

అసలు ఇది నా రెండో తుపాకీ. మొదటిదాంతో చేతులు కాల్చుకున్నా.

2012లో అనుకుంటా, గొట్టాల మీద లండన్ అడ్రసు, పక్క పలకల నిండా పూల చెక్కడం, పేల్చే యంత్రం ఆ పలకలకే బిగించి ఉండే సైడ్‌లాక్ రకం. ఫొటోలు చూసి మనసు పారేసుకుని ఆఫీసులో లంచ్ టైములో ఫోన్‌లోనే పాట పాడేశా. బాలాపూర్ లడ్డూ పాటలో జనం ఎలా ఊగిపోతారో టీవీలో చూసి నవ్వుకునేవాణ్ణి, తీరా నా వేలు కూడా ఆ బటన్ మీద ఆగలేదు. 480 దగ్గర నాదైంది, కమిషన్ కలిపితే 624. పైగా ఇక్కడ తుపాకీని కొరియర్‌లో ఇంటికి పంపరు, కొనేవాడికి ఎదురుగా చేతికే ఇవ్వాలి. కాబట్టి మా ఊరి డీలర్‌కు పంపించుకోవాలి, ఆయన మన లైసెన్సు సర్టిఫికెట్ చూసి అందులో రాసి ఇస్తాడు. దానికి ఇంకో 40.

ఆ డీలరే గొట్టాల గోడ మందం కొలిచి నా మొహం చూశాడు. ఇక్కడ ఈ మందాన్ని థౌలలో చెప్తారు, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 20 థౌల కంటే పలచబడితే కొనేవాళ్ళు జంకుతారు. నాది ఎడమ గొట్టంలో, మూతికి అడుగు దూరంలో, 17. రెండు గొట్టాల మధ్య పట్టీ కూడా ఒకచోట అతుకు వదిలేసింది. దాన్ని మళ్ళీ అతికి గొట్టాలకు నలుపు పెట్టడానికి చెప్పిన ధర తుపాకీ ధర కంటే ఎక్కువ. వేలం వాళ్ళను అనడానికేం లేదు, 17 అన్న అంకె కేటలాగ్‌లో ఉంది, నేనే అర్థం చేసుకోలేదు. ఏడాది తర్వాత అమ్మితే చేతికొచ్చింది 250 లోపు.

అందుకే రెండోసారి సెలవు పెట్టుకుని, వేలానికి ముందు రోజు తుపాకులు చూడనిచ్చే హాలుకు వెళ్ళా. బల్లల మీద వందల తుపాకులు, మన చేతికి ఇస్తారు, విప్పి చూసుకోవచ్చు. నేను మళ్ళీ చెక్కడాలున్నదాన్నే తిప్పుతుంటే పక్కనున్న ఓ ముసలి రైతు ఏమనుకున్నాడో ఏమో, గొట్టాలు విడిగా తీయించి, అడుగున ఉండే కొక్కెం లాంటి ముక్కకు తన చిటికెన వేలు తగిలించి వేలాడదీశాడు. గోటితో ఒక్క దెబ్బ కొడితే రేకు డబ్బాలా టప్పుమంది. తర్వాత పక్కన ఏ అలంకారమూ లేకుండా పడున్న ఈ బాక్స్‌లాక్ గొట్టాలు తీసి అలాగే కొట్టాడు. కంచు గిన్నె మోగినట్టు ఖంగుమని, ఆ మోత కాసేపు ఆగలేదు. పట్టీలు వదులైతే మోగదన్నమాట.

ఇంకోటి కూడా చూపించాడు. గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందు కర్ర తీసేసి, గొట్టాలు మాత్రం తగిలించి మూసి, మెల్లగా కుదిపి చూడాలి. కర్ర ఉంటే దాని స్ప్రింగు అదిమిపెట్టి వదులును దాచేస్తుంది. తర్వాత గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి లోపల చూస్తే వెలుగు గుండ్రటి నీడల్లా కనిపిస్తుంది, ఎక్కడైనా సొట్ట ఉంటే అక్కడ ఆ గుండ్రం చెదురుతుంది. నేను చూసిన రెండు మూడు తుపాకుల్లో చెదిరింది, దీన్లో లేదు.

అడుగున ప్రూఫ్ ముద్రలు చూసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. ఇక్కడ తుపాకీని ప్రభుత్వం గుర్తించిన ప్రూఫ్ హౌస్‌లో ఎక్కువ మందుతో పేల్చి తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. ఒకటి లండన్‌లో, ఇంకోటి బర్మింగ్‌హామ్‌లో. బర్మింగ్‌హామ్‌ది 1813లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. 1868 చట్టం ప్రకారం, అరిగిపోయి ఆ ప్రూఫ్ ఇక చెల్లని తుపాకీని అమ్మడమే నేరం. నాదాని మీద కిరీటం కింద ఎన్.పి. (నైట్రో ప్రూఫ్) అని ఉంది, అంటే ఇప్పటి పొగలేని మందుకు పనికొస్తుందని. పాత డమాస్కస్ గొట్టాల మీద ఇలాంటి ముద్ర లేకపోతే ఎంత అందంగా ఉన్నా నేను ముట్టుకోను. ఇనుము, ఉక్కు పోగులు మెలేసి చేసిన ఆ మెలికల డిజైన్ చూస్తుంటే నోరూరుతుంది కానీ, పేల్చేటప్పుడు నా చెయ్యి ఉండేది వాటి మీదే కదా.

మరి ఇంత మంచి తుపాకీ 220కే ఎందుకు ఆగిందంటే, భుజానికి ఆనించే వెనక కర్ర ఎడమవైపుకు వంచి ఉంది. కుడిచేతి వాటం వాళ్ళకు అది చెంపకు కుదరదు. నాది ఎడమచేతి వాటం! కేటలాగ్‌లో ఆ ముక్క లేదు, చేతిలోకి తీసుకుని భుజానికి ఆనిస్తేనే తెలిసింది. అక్కడే, ఆ హాల్లో, నాకు చెమటలు పట్టాయి, ఇంకెవరైనా ఎడమచేతి వాడు వస్తాడేమోనని ఒకటే టెన్షన్.

వాడకం విషయానికొస్తే, ఇది మూడు కిలోలు కూడా ఉండదు. ఒక గొట్టం మీద ఇంకోటి ఉండే ఇప్పటి తుపాకులు దీనికంటే అరకిలో పైనే బరువు. పొలం గట్ల మీద రెండు గంటలు మోస్తే ఆ అరకిలో ఏంటో తెలుస్తుంది. లోపల యంత్రం 1875లో వెస్ట్లీ రిచర్డ్స్‌లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు పేటెంట్ తీసుకున్న పద్ధతి. గొట్టాలు కిందికి వంచితే ఆ కదలికకే లోపలి హ్యామర్లు ఎక్కి కూర్చుంటాయి, భాగాలు తక్కువ, చెడిపోవడమూ తక్కువ. ఎజెక్టర్లు లేవని మొదట చిన్నబుచ్చుకున్నా, ఇప్పుడు హాయిగా ఉంది. ఖాళీ తూటాలు బురదలో వెతుక్కునే పని లేదు, చేత్తో తీసి జేబులో వేసుకోవడమే.

చిరాకులు లేకపోలేదు. తెరిచిన ప్రతిసారీ సేఫ్టీ దానంతటదే పడుతుంది, వేటకు మంచిదే గానీ క్లే దగ్గర ట్రిగ్గర్ నొక్కితే పేలదు, పళ్ళెం వెళ్ళిపోతుంది, వెనకవాళ్ళు నవ్వుతారు. పదకొండేళ్ళయినా నెలకోసారి ఇది జరుగుతూనే ఉంది. ముందు కర్ర చిన్నది, యాభై తూటాలు కాల్చేసరికి వేళ్ళు గొట్టాల మీదే ఉండి చురుక్కుమంటాయి. తోలు తొడుగు కొనుక్కోండి.

రిపేర్లు మూడే వచ్చాయి. 2019 జనవరిలో, మంచు గడ్డకట్టిన పొద్దున, తుపాకీ తెరవడానికి పైన మీట నొక్కితే అది తిరిగి రాకుండా పక్కకి వాలిపోయింది. లోపలి ఆకు స్ప్రింగు రెండు ముక్కలు. తొంభై ఏళ్ళ నాటి తుపాకీకి స్పేర్ పార్ట్ అనేది ఉండదు, ఉక్కు పట్టీ కోసి, అరగదీసి, కాల్చి, నీరు పెట్టి చేత్తో చేయాల్సిందే. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసేవాళ్ళ పాత పేట గన్ క్వార్టర్‌లో ఇలాంటి పని తెలిసినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. ఒక పెద్దాయన 140 తీసుకుని రెండు నెలలకు ఇచ్చాడు, ఆ స్ప్రింగు ఇప్పటికీ ఉంది. 2021లో స్ట్రైకర్, అంటే తూటాను వెనక నుంచి కొట్టే మేకు, విరిగితే 60. 2023లో గొట్టాలకూ యాక్షన్‌కూ (అవి వచ్చి ఆనే ఇనప దిమ్మ) మధ్య సన్నటి సందు వచ్చింది, బిగింపుకు 350. అంటే కొన్నదానికి దాదాపు రెండింతలు రిపేర్లకే. అయినా మొత్తం 836 పౌండ్లు, పదకొండేళ్ళకు, నాకేం బాధ లేదు.

అసలు బాధ తూటాలతో. దీని ఛాంబర్, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటు, రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్ల తూటాయే వేయాలి. కొట్లో ఎక్కువగా దొరికేవి 70వి, అవి అందులో పట్టినట్టే కనిపిస్తాయి, అదే ప్రమాదం. పేలాక తూటా మూతి దగ్గరి మడత విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. నేను 24 గ్రాముల గుళ్ళున్నవి వాడతా, భుజానికీ సుఖం, తుపాకీకీ సుఖం. ఇప్పుడు తూటాల్లోని సీసం గుళ్ళ మీదే గండం వచ్చింది. ఇంగ్లండ్‌లో చిత్తడి నేలల్లో 1999 నుంచే నిషేధం, 2025 జులైలో ప్రభుత్వం మిగతా చోట్ల కూడా చాలా వరకు ఆపేస్తామని, మూడేళ్ళ గడువిస్తామని ప్రకటించింది. ఉక్కు గుళ్ళు ఈ పలచటి గొట్టాల్లో నేను వెయ్యను. ఇక మిగిలింది బిస్మత్ అనే మెత్తటి లోహం, దాని ధర సీసం కంటే కనీసం మూడు నాలుగింతలు. పావురాలకు సరే, ఆదివారం యాభై పళ్ళేలు బిస్మత్‌తో కొడితే మా ఆవిడ ఊరుకోదు. పాత సైడ్ బై సైడ్‌లు వేలంలో ఇంత చవగ్గా పోవడానికి ఇదీ ఒక కారణమే, అది తెలిసి కొనండి.

ఇప్పుడు మళ్ళీ కొనాల్సి వస్తే? కొంటా, కానీ పట్టుకుని చూడకుండా పది పౌండ్లు కూడా పాడను. కమిషన్, వ్యాట్ కలిపిన అంకె ఎంతో ముందే కాగితం మీద రాసుకుంటా. అది దాటితే లేచి టీ తాగడానికి వెళ్ళిపోతా, హాల్లోనే కూర్చుంటే చెయ్యి లేస్తుంది. సర్టిఫికెట్ ముందే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు, ఐదేళ్ళకోసారి రెన్యువల్, ఇంటికొచ్చి ఇనప బీరువా కూడా చూస్తారు.

మొన్న బాబాయి ఫోన్ చేశాడు. ఖమ్మం దగ్గర మా ఊళ్ళో తాతగారి డబుల్ బ్యారెల్ ఆయన దగ్గరే ఉంది, లైసెన్సు ఆయన పేరు మీదే.

"ఏరా, నీది ఎంతకి పాడావన్నావు? మనదీ అక్కడిదేనేమో చూసి చెప్పరా."

గొట్టాలు విప్పి అడుగున ఫొటో తీసి పంపమన్నా. వాట్సాప్‌లో వచ్చింది, సగం ఆయన బొటనవేలు, మిగతా సగంలో కిరీటం, దాని కింద ఎన్.పి., ఇదే బర్మింగ్‌హామ్ ముద్ర! ఛాంబర్ పొడవు రాసి ఉండాల్సిన చోట మాత్రం వెలుతురు పడి తెల్లగా ఉంది. ఇంకో ఫొటో పెట్టమంటే, పంచాయతీ ఎన్నికలని పొద్దున్నే స్టేషన్లో డిపాజిట్ చేసొచ్చాను, అవి అయ్యాక తెచ్చుకుని పెడతాలే అన్నాడు.