మైకు, వాయించే కీబోర్డు కంప్యూటర్ గుండా స్పీకర్లకు: ఏండ్లుగా వాడినంక

నల్లగొండలో మా ఇంట్లో భజన సాధనకు మైకు, హార్మోనియం, కీబోర్డు అన్నీ కంప్యూటర్ గుండానే స్పీకర్లకు పోతాయి. మైకు శబ్దాన్ని నేరుగా స్పీకర్లకు పంపేటందుకు విండోస్‌లో ఉన్న సదుపాయం వినేటందుకు సరిపోతది, పాడేటందుకు చాలదు.

పెట్టుకోవడం సులువే. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్, అందులో రికార్డింగ్, మైకు ప్రాపర్టీస్‌లో ‘లిజన్’ ట్యాబ్. ‘లిజన్ టు దిస్ డివైస్’కు టిక్ పెట్టి, స్పీకరు ఎంచుకుని అప్లై కొట్టాలి. ఆ కిందనే పవర్ ఆప్షన్లు ఉంటాయి. బ్యాటరీ మీద కూడా నడిచేటట్టు పెట్టకపోతే, కరెంటు పోగానే ల్యాప్‌టాప్‌లో గొంతు ఆగిపోవచ్చు. మైకు చెడిందనుకుని వైర్లు పీకక్కరలేదు.

హార్మోనియం శ్రుతి పట్టిన కాసేపటికే సన్నబడితే తప్పు పెట్టెది కాదు. నాయిస్ సప్రెషన్ (రొద తగ్గించే సెట్టింగు) నిలకడగా మోగే స్వరాన్ని ఫ్యాను రొద కింద లెక్కగట్టి అణిచేస్తది. అది ఉండే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ మొత్తం తీసేయండి.

అసలు చిక్కు ఆలస్యం. పాడిన మాట జరంత వెనుకపడి వినిపిస్తే తాళం తప్పుతది. విండోస్ బదులు లినక్స్ వాడితే, అందులో శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ చాలా నయం: దానికి బొమ్మలా కనెక్షన్లు చూపించే క్యూపీడబ్ల్యూగ్రాఫ్ ప్రోగ్రాములో మైకు నుంచి స్పీకరుకు గీత గీస్తే చాలు. మామూలుగా బఫర్ (శబ్దాన్ని విడతలుగా కూడబెట్టే జాగా) 1024 శాంపిళ్లు (శబ్దపు కొలతలు), అంటే 48,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కొలతలు) దగ్గర 21 మిల్లీసెకన్లు. 256కు దించితే 5 చిల్లర. రానూపోనూ కలిపి అంతకన్నా ఎక్కువే అయినా పాటకు అడ్డం రాదు. 64కు దించితే పాత మిషన్లలో చిటపటలు మొదలైతయి. బ్లూటూత్ స్పీకరు మాత్రం ఈ పనికి వద్దేవద్దు.

యూఎస్‌బీ మైకు, మదర్‌బోర్డు పిన్నుకు తగిలించిన స్పీకరు కలిపితే రెండింటిలో శాంపిళ్ల వేగాన్ని నడిపే గడియారాలు వేరు. చాలాసేపు నడిచినంక అప్పుడప్పుడు టిక్కుమనేది అందుకే. మైకు, స్పీకర్లు రెండూ ఒకే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకు, స్పీకర్లను కంప్యూటర్‌కు కలిపే విడి పెట్టె) తగిలిస్తే ఆ బాధ పోతది. దాని మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉంటే ఇంకేం, మన గొంతు కంప్యూటర్‌లోకి పోయి తిరిగి రావాల్సిన పనే లేదు.

కీబోర్డు వైరును మైకు పిన్నులో పెడితే శబ్దం పగులుతది. వాయిద్యాల వంటి గట్టి శబ్దం తీసుకునే నీలం రంగు లైన్-ఇన్ పిన్నులోనే పెట్టండి. అది లేకుంటే మైక్ బూస్ట్ (మైకు శబ్దాన్ని పెంచే సెట్టింగు) సున్నా చేసి, కీబోర్డు వాల్యూమ్ మూడోవంతుకు దించండి.

గుయ్యిమని హమ్ వస్తే ముందు చార్జర్ పీకి చూడండి. హమ్ పోయిందంటే లోపం చాలావరకు ఎర్తింగ్‌ది. కంప్యూటర్, స్పీకర్లు ఒకే ఎర్త్ ఉన్న బోర్డు నుంచి నడపాలి. స్క్వేర్ వేవ్ (సాఫీ అల కాని కరెంటు ఇచ్చే) ఇన్వర్టర్ మీద వచ్చే బుర్రు మాత్రం సెట్టింగులతో పోదు. స్పీకర్లను పాడేవాళ్ల వెనుక కాకుండా ముందు, వాళ్ల దిక్కు తిప్పి, మైకు వీపు స్పీకర్లకు ఉండేటట్టు పెడితే కూత (స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి పోయి వచ్చే కీచు) తగ్గుతది.