వైపర్ చారలు పెడుతోందా? కడగడం, రబ్బరు మార్చడం, బ్లేడే మార్చడం: ఏది మేలు?

మిరుగం చినుకు పడకముందే తేల్చుకోవాల్సిన లెక్క ఇది. మూడు దారుల్లో ఏది పట్టాలో అద్దం మీద మిగిలే గుర్తే చెబుతుంది.

ముందు కడగాల్సిందే, అదీ అద్దంతో మొదలుపెట్టి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము, గోదావరిఖని, భూపాలపల్లి రోడ్ల మీది బొగ్గు పొడి రబ్బరు అంచున పేరుకుంటాయి. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ అద్దం కన్నా గట్టిది. పొడి అద్దం మీద వైపర్ వేస్తే పడే గీతలు ఎంత మంచి బ్లేడు తెచ్చినా పోవు. అందుకే నీళ్లు ధారగా పోశాకే గుడ్డ పెట్టాలి, తర్వాత కార్ షాంపూ. బోరు నీళ్ల తెల్ల మచ్చలుంటే వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, అందులో తడిపిన గుడ్డను ఐదు నిమిషాలు పరిచి కడిగేయాలి. ఇదంతా నీడలోనే.

ఇక వైపర్ చేతులు లేపండి. కింద అద్దం మీద మడతపెట్టిన టవల్ వేయడం మరవొద్దు. చెయ్యి జారి స్ప్రింగు విసురుకు కొట్టుకుంటే అద్దం పగలొచ్చు. షాంపూ నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో రబ్బరు అంచును పొడవునా మూడు నాలుగు సార్లు తుడిస్తే చాలు. గుడ్డకు కొంచెం నలుపు అంటుతూనే ఉంటుంది. అది పోయేదాకా రుద్దితే రబ్బరు సాఫీగా జారేందుకు వేసిన గ్రాఫైట్ పూత కూడా పోతుంది. పెట్రోలు, కిరోసిన్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. గరుకు కాగితంతో రుద్దడం మరీ చెడ్డది, నీటిని తుడిచేది ఆ పదునైన అంచే కదా.

కడిగాక కూడా ఒకే చోట సన్నటి చార మిగిలిందంటే రబ్బరు చిట్లినట్టు, లేదా ఎండకు గట్టిపడినట్టు. రబ్బరును పట్టి ఉంచే ఫ్రేము బాగుంటే రబ్బరు ఒక్కటే మార్చడం మేలు, ఖర్చూ తక్కువ. పాతది వెంట తీసుకెళ్లి పొడవు, వెడల్పు రెండూ సరిచూసుకోండి. రబ్బరు పక్కన ఉండే రెండు ఉక్కు పట్టీలను పాతవాటిలాగే ఎక్కించాలి: గాట్లు రబ్బరు వైపు ఉండాలి, చివర్లు అద్దం వైపు వంగి ఉండాలి. వంపు తిరగబడితే చివర్లు లేచిపోతాయి.

సన్న చార కాకుండా వెడల్పాటి పట్టీ తుడవకుండా మిగిలితే బ్లేడు మార్చండి. ఫ్రేము వంగి ఉంటుంది, లేదా దుమ్ము, తుప్పు పట్టి కీళ్లు బిగుసుకుని ఉంటాయి. ఫ్రేము లేని ఫ్లాట్ బ్లేడ్లకు విడి రబ్బరు అంత తేలిగ్గా దొరకదు, కాబట్టి వాటికి ఎక్కువగా ఇదే దారి. డ్రైవర్ వైపు, పక్క సీటు వైపు పొడవులు చాలా కార్లలో వేరు. రెండూ అంగుళాల్లో కొలిచి, హుక్కు రకం చూసి కొనండి.

కొత్తది వేశాక కూడా దడదడలాడితే బ్లేడును తిట్టి లాభం లేదు. అద్దానికి పాలిష్ మైనం అంటి ఉండొచ్చు, లేదంటే వైపర్ చెయ్యి మెలిపడి ఉండొచ్చు. మైనమైతే గ్లాస్ క్లీనర్‌తో తుడిచేయాలి, చెయ్యి మెలిపడితే మెకానిక్ సరిచేయాలి.