10బీపీ4 పోతే దాని చోట ఏ పిక్చర్ ట్యూబ్ మేలు?

1946లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన 630టీఎస్ టీవీని ఇప్పటికీ బాగుచేయించుకుని చూసేవాళ్లున్నారు. అందులో ఉండేది 10బీపీ4 అనే గుండ్రటి పిక్చర్ ట్యూబ్. అది పోతే వెతకాల్సినవి ముఖ్యంగా మూడు: అదే 10బీపీ4, లేదా 10బీపీ4ఏ, లేదా 10ఎఫ్‌పీ4.

నంబరు చూసి పొరబడేది ఇక్కడే. 10 అంటే అంగుళాల్లో తెర సైజు, పీ4 అంటే తెల్లటి వెలుగిచ్చే ఫాస్ఫర్, అంటే ఎలక్ట్రాన్లు తగిలితే వెలిగే తెర పూత. మధ్యలోని బీ, ఎఫ్ వట్టి వరుస అక్షరాలు. ఎలక్ట్రాన్లను తెరపైకి చిమ్మే లోపలి గన్ ఎలాంటిదో అవి చెప్పవు, అసలు తేడా ఆ గన్‌లో, తెరలో ఉంది.

గన్‌లో వేడెక్కే కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లతో పాటు బరువైన అయాన్లూ (విద్యుదావేశమున్న కణాలు) బయల్దేరతాయి. అవి అయస్కాంతానికి పెద్దగా లొంగవు, సూటిగా వెళ్లి తెర మధ్యలో మచ్చ పడేస్తాయి. అందుకే 10బీపీ4 గన్ అన్నిటినీ కాస్త పక్కకు మళ్లిస్తుంది. అయాన్లు గన్‌లోనే ఆగిపోతాయి. మెడకు తగిలించిన అయాన్ ట్రాప్ అనే చిన్న అయస్కాంతం ఎలక్ట్రాన్లను మాత్రం మళ్లీ దారికి తెస్తుంది. 10ఎఫ్‌పీ4కి ఈ తంటా లేదు. ఫాస్ఫర్ వెనకున్న పలచని అల్యూమినియం పొర అయాన్లను ఆపేస్తుంది, వెనక్కి పోయే వెలుగును చూసేవాళ్ల వైపు తిప్పుతుంది కూడా.

అయితే 10ఎఫ్‌పీ4 బిగించి పాత ట్రాప్‌ను మెడమీదే వదిలేస్తే తెర చీకటిగా ఉండిపోతుంది. బంగారంలాంటి ట్యూబ్‌ను పాడైందనుకుని పక్కన పడేస్తారు! 10బీపీ4తో దీనికి ఉల్టా: ట్రాప్ సరిగ్గా కుదరకముందే బ్రైట్‌నెస్ పెంచితే ఎలక్ట్రాన్ల బీమ్ గన్ లోహాన్నే కాలుస్తుంది.

10బీపీ4ఏలో గాజు బూడిదరంగు, గన్ మాత్రం పాతదే. లైట్లు వేసుకుని చూసే గదిలో కాంట్రాస్ట్ బాగుంటుంది. చివర ఏ ఉన్నది పాతదాని చోట కూర్చుంటుంది కానీ, ప్రతి ట్యూబ్ విషయంలోనూ తిరగేసి చెల్లుతుందనుకోకండి.

ఆపేసినప్పుడు కూడా సెట్ 1946 నాటి తెల్లటి ముఖంతోనే కనిపించాలంటే బూడిదరంగు 10బీపీ4ఏ కాకుండా 10బీపీ4 కోసం ఓపికపట్టండి. చూడ్డానికైతే నా ఓటు 10ఎఫ్‌పీ4కే.

పాతదాన్నే రీబిల్డ్ చేయిద్దామంటే దారులు మూసుకుపోతున్నాయి. అయోవా రాష్ట్రంలో ఈ పనికి పేరున్న హాక్‌ఐ అనే కంపెనీ 2010లో మూతపడింది. హీటర్ వోల్టేజీ పెంచే బూస్టర్ కొన్నాళ్లు నెట్టుకురావడానికే.

ఏది కొన్నా మెడలోని గెట్టర్ మచ్చ (లోపల మిగిలిన గాలిని పీల్చే లోహపు పూత) చూడండి. వెండిలా మెరిస్తే సరే, పాలలా తెల్లబడితే గాలి చొరబడినట్టే, వద్దు. మార్చేటప్పుడు ఆనోడ్‌ (హైవోల్టేజీ అందే చోటు)ను డిస్‌చార్జ్ చేసి, కళ్లకు రక్షణ కళ్లజోడు పెట్టుకుని, ట్యూబ్‌ను మెడ దగ్గర కాకుండా తెర అంచు దగ్గర పట్టుకోండి.